ఏలీయా: పేరులోనే పోరు

హీబ్రూ ప్రవక్తల్లో ఏలీయా పేరు ఒక పూర్తి వాక్యం. తెలుగు బైబిలులో ఏలీయాగా కనిపించే ఈ పేరు హీబ్రూ మూలంలో ఎక్కువగా ఎలియాహూ అనీ, కొద్దిచోట్ల మాత్రం ఎలియా అనీ ఉంటుంది. ఎలీ అంటే 'నా దేవుడు'. యాహూ అన్నది ఇశ్రాయేలీయులు కొలిచిన దేవుడి పేరుకు కుదించిన రూపం. తెలుగులో 'మా ఊరు తెనాలి' అన్నప్పుడు క్రియ అక్కర్లేనట్టే, హీబ్రూలోనూ రెండు నామవాచకాలు పక్కపక్కన చేరితే వాక్యం పూర్తవుతుంది. కాబట్టి ఎలియాహూ అంటే 'నా దేవుడు యాహ్వే' అని అర్థం. నడుమనున్న 'ఈ' కారం 'నా' అనే అర్థాన్నిచ్చేది కాదనీ, రెండు పదాలను కలిపే అచ్చు మాత్రమేననీ అనుకుంటే 'యాహ్వేయే దేవుడు' అవుతుంది. ఏ విధంగా చూసినా ఈ పేరు ఒక దేవుడి పక్షాన నిలబడి, ఇంకో దేవుణ్ణి కాదంటున్నది. ఆ ఇంకో దేవుడు ఎవరో తెలిస్తే గాని ఈ పేరులోని పదును తెలియదు.

పేరులోని మొదటి ముక్క చాలా పాతది. 'ఎల్' అనే మాట సెమిటిక్ భాషల్లో చాలావాటిలో దేవుడికి సామాన్యనామం. అక్కదు భాషలో 'ఇలు', అరబ్బీలో 'ఇలాహ్' దీని చుట్టాలే. అదే మాట ఒక ప్రత్యేక దేవుడికి సొంత పేరుగానూ ఉండేది. సిరియా తీరంలోని రాస్ షమ్రా దిబ్బ కింద 1929 నుంచి సాగిన తవ్వకాల్లో ఉగరిత్ నగరం బయటపడింది. అక్కడి మట్టి పలకల మీది పురాణగాథల్లో ఎల్ దేవతలందరికీ తండ్రి, వయసు మళ్లిన పెద్ద. ఇశ్రాయేలు అన్న జాతి పేరులోనూ చివరన ఉన్నది ఈ ఎల్ పదమే. సమూయేలు, యెహెజ్కేలు, దానియేలు, ఎలీషా వంటి పేర్లలో అది ముందో వెనకో ఉంటుంది. ఇశ్రాయేలీయులు ఎల్‌ను తోసేయలేదు; తమ యాహ్వేలో కలుపుకున్నారు. ఏలీయా పేరు ఆ కలయికకు సాక్ష్యం.

రెండో ముక్క కథ ఇంకొంచెం చిక్కుది. ఇశ్రాయేలు దేవుడి పేరును నాలుగు హల్లులతో రాసేవారు. కాలక్రమంలో యూదులు భక్తిభయాలతో ఆ పేరు పలకడం మానేసి, గ్రంథం చదివేటప్పుడు దాని బదులు 'అదోనాయ్', అంటే ప్రభువు, అనసాగారు. మధ్యయుగాల్లో హీబ్రూ రాతకు అచ్చుల గుర్తులు చేర్చిన లేఖకులు ఈ నాలుగు హల్లుల మీద అదోనాయ్ అచ్చులను ఉంచారు, చదివేవాడు ఏ మాట పలకాలో గుర్తుచేయడానికి. ఆ హల్లులనూ అచ్చులనూ కలిపి చదివిన క్రైస్తవ పండితుల నోట యెహోవా అనే రూపం స్థిరపడింది. తెలుగు బైబిలుకూ అదే వచ్చింది. అసలు ఉచ్చారణ యాహ్వే అయి ఉంటుందని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

దేవుడి పేరు నోట రాకుండా పోయినా మనుషుల పేర్లలో అది బతికే ఉంది. గుడిలో పలకడం మానేయవచ్చు గానీ పక్కింటివాణ్ణి పిలవకుండా ఉండలేరు కదా. హిజ్కియా రాజు పేరును అస్సీరియా లేఖకులు తమ లిపిలో హజకియౌ అని పలికేలా రాసుకున్నారు. బబులోను చెరలో మిగిలిపోయిన యూదుల పేర్లు నిప్పూరులో 1893లో దొరికిన మురషు వ్యాపార కుటుంబపు పలకల మీద ఉన్నాయి. వాటిలో ఈ ముక్క 'యామా' అని కనిపిస్తుంది. ఇలా పరాయివాళ్లు చెవితో విని రాసుకున్న జాబితాల వల్లే పేరు చివరి ధ్వని ఎలా ఉండేదో కొంతవరకు తెలిసింది. తెలుగు బైబిలు చదివేవారికి యెషయా, యిర్మీయా, జెకర్యా, ఓబద్యా, నెహెమ్యా బాగా తెలిసిన పేర్లు. వీటన్నిటి చివరనున్న 'యా' ఒక్కటే. హల్లెలూయా చివరిది కూడా అదే.

ఏలీయా కాలం క్రీ.పూ. 9వ శతాబ్దం. సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలింది. దక్షిణాన యెరూషలేము రాజధానిగా యూదా, ఉత్తరాన ఇశ్రాయేలు నిలిచాయి. ఉత్తరాన ఒమ్రీ అనే సేనాపతి సింహాసనమెక్కి షోమ్రోను కొండ మీద కొత్త రాజధాని కట్టాడు. అతని కొడుకు అహాబు. బైబిలు అహాబును చెడ్డరాజుగా చిత్రించింది గానీ అతని బలం చిన్నది కాదు. క్రీ.పూ. 853లో కర్కర్ దగ్గర అస్సీరియా రాజు మూడో షల్మనేసెరును ఎదిరించిన కూటమిలో అహాబు రెండు వేల రథాలతో నిలిచినట్టు అస్సీరియా శిలాశాసనమే చెబుతున్నది. అంత రథబలం ఒక చిన్న రాజ్యానికి ఉంటుందా అని ఆ అంకెను శంకించిన పండితులూ ఉన్నారు. ఇరుగుపొరుగు రాజ్యాలతో పొత్తులు అహాబు రాజనీతిలో ముఖ్యమైన భాగం. సముద్రవ్యాపారంలో ఆరితేరిన ఫినీషియా వారితో పొత్తు పెళ్లితో కుదిరింది. సీదోనీయుల రాజు ఎత్బయలు కూతురు యెజెబెలు షోమ్రోనుకు రాణిగా వచ్చింది. ఆమెతోపాటు ఆమె దేవుడు బయలు కూడా వచ్చాడు.

తెలుగు బైబిలులోని ఈ బయలుకూ, బహిరంగ స్థలమనే అర్థంలో వాడే తెలుగు మాటకూ సంబంధం లేదు. హీబ్రూలోనూ ఫినీషియనులోనూ అది 'బఅల్'. యజమాని, ప్రభువు, భర్త అని అర్థాలు. ఉగరిత్ గాథల్లో బఅల్ ఉరుముల దేవుడు, వాన కురిపించేవాడు, మేఘాల మీద తిరిగేవాడు. అతడు మృత్యుదేవుడి చేతిలో ఓడి మాయమైనప్పుడు నేల ఎండిపోతుంది. బఅల్ ఏడీ, ఆ దొర ఏడీ అని దేవతలు వెతుకుతారు. అతడు తిరిగి వచ్చాకే చినుకు పడుతుంది. పెద్ద నదులు లేక, శీతకాలపు వానల మీదే పంట ఆధారపడే దేశంలో ఇలాంటి దేవుడికి ఎంత పలుకుబడి ఉంటుందో వర్షాధారపు సేద్యం తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

రాణి పేరుకు మూలం ఈ గాథలోనే ఉందని చాలామంది పండితుల నిర్ణయం. ఫినీషియనులో ఆ పేరు 'ఈ-జెబూల్' వంటిది. 'దొర ఏడీ' అని అర్థం. బఅల్ కనబడనప్పుడు భక్తులు వేసే కేకనే ఆమెకు పేరుగా పెట్టారన్నమాట. ఆమె తండ్రి పేరుకు 'బఅల్ తోడుగా ఉన్నాడు' అనే అర్థమున్నది. ఆ పేర్ల ఎదుట ఎలియాహూ అన్న పేరును నిలిపితే 1 రాజులు గ్రంథంలోని కథ అంతా పేర్ల మధ్యే కుదురుతుంది. ప్రవక్త రాజు ముందుకు వచ్చి తన మాట లేకుండా మంచు గానీ వాన గానీ పడదని చెబుతాడు. అంటే బఅల్ సొంత రంగంలోకే దిగుతున్నాడు. కరువు తర్వాత కర్మెలు పర్వతం మీద పోటీ జరుగుతుంది. బఅల్ ప్రవక్తలు పొద్దున్నించి పిలిచినా జవాబు రాదు. మీ దేవుడు ప్రయాణంలో ఉన్నాడేమో, నిద్రపోతున్నాడేమో అని ఏలీయా ఎగతాళి చేస్తాడు. 'దొర ఏడీ' అన్న పాత కేకకు ఇది వెక్కిరింపులా ఉంది. ఏలీయా బలిపీఠం మీద అగ్ని దిగాక జనం సాగిలపడి వేసిన కేకకు అర్థం యాహ్వేయే దేవుడని. అది ప్రవక్త పేరుకు అర్థమే. కథ చెప్పినవాడికి ఈ సంగతి తెలియకుండా ఉండే అవకాశం తక్కువ.

యెజెబెలు పేరు హీబ్రూ గ్రంథంలో అచ్చు మారి నిలిచింది. 'జెబూల్' దొర అయితే 'జెబెల్' పెంట అనే మాటకు దగ్గరి ధ్వని. ఎక్రోను దేవుడు బయల్జెబూబు పేరుకూ ఇదే గతి పట్టినట్టుంది. 'జెబూల్' కాస్తా 'జెబూబ్', అంటే ఈగ, అయిపోయి అతడు ఈగల దొరగా మిగిలాడు. శత్రువు పేరును చెడగొట్టడం ఆ కాలపు యుద్ధనీతిలో ఒక భాగం.

ఏలీయా తండ్రి ఎవరో గ్రంథం చెప్పదు. హీబ్రూ ప్రవక్తల్లో పలువురిని ఫలానావాడి కుమారుడని పరిచయం చేసిన గ్రంథం ఇతణ్ణి గిలాదుకు చెందిన తిష్బీయుడని మాత్రమే చెప్పి నేరుగా రాజు ముందు నిలబెట్టింది. అందువల్ల ఇది పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదనీ, పోరాటంలో ధరించిన బిరుదనీ అనుకున్నవారున్నారు. ఊహ ముచ్చటైనదే గానీ అవసరమైనది కాదు. ఆ రోజుల్లో ఇలాంటి పేర్లు ఇంటింటా ఉండేవి. దీన్నే తిరగేస్తే 'యో-ఎల్', 'యాహ్వే దేవుడు'. అదే యోవేలు ప్రవక్త పేరు.

అసలు వింత అహాబు ఇంట్లో ఉంది. బఅల్‌కు గుడి కట్టించినవాడని బైబిలు తిట్టిపోసిన ఈ రాజు పిల్లల పేర్లు అహజ్యా, యెహోరాము. మొదటిదానికి 'యాహ్వే పట్టుకున్నాడు' అనీ, రెండోదానికి 'యాహ్వే ఉన్నతుడు' అనీ అర్థాలు. యూదా రాజకుటుంబానికి కోడలిగా వెళ్లిన అతల్యా పేరులోనూ అదే 'యా' ఉంది. రాజగృహ నిర్వాహకుడు ఓబద్యా, 'యాహ్వే సేవకుడు'. పేర్లు తెలిసిన అహాబు పిల్లల్లో బఅల్ పేరుతో ఒక్కరూ లేరు. అహాబు తన దేవుణ్ణి వదిలేయలేదనీ, రాణి దేవుడికి కూడా చోటిచ్చాడనీ, ఏలీయాకు కోపం తెప్పించింది ఈ చోటివ్వడమేననీ ఈ పేర్లను బట్టి అనుకోవచ్చు. ఇద్దరు దేవుళ్లున్నా రాజుకు ఇబ్బంది లేదు. ప్రవక్తకు ఒక్కడే కావాలి. గ్రంథకర్త తీర్పు కన్నా ఈ పేర్ల సాక్ష్యం నమ్మదగినది. ఎందుకంటే ఎవరినీ ఒప్పించడానికి వాటిని గ్రంథంలో చేర్చలేదు.

ఇంకా వెనక్కి వెళితే బఅల్ అన్న మాట ఇశ్రాయేలీయులకు నిషిద్ధమే కాదు. సౌలు రాజు కొడుకు ఎష్బయలు, యోనాతాను కొడుకు మెరీబ్బయలు. దావీదును చేరిన వీరుల్లో ఒకడి పేరు బెయల్యా. 'యాహ్వేయే బఅల్' అని దాని అర్థం. అంటే ఒకప్పుడు బఅల్ అన్నది యాహ్వేకే చెల్లే బిరుదు, మన 'స్వామి' వంటిది. యూదయలోని ఖిర్బెత్ కెయాఫా కోటలో దొరికిన క్రీ.పూ. 10వ శతాబ్దపు జాడీ మీద ఎష్బఅల్ పేరు ఉందని 2015లో ప్రకటించారు. రాజకుమారుడే కాకపోయినా ఆ పేరు ఆ కాలంలో నిజంగా వాడుకలో ఉందని తేలింది. తర్వాతి లేఖకులకు అది కంటగింపైంది. సమూయేలు గ్రంథాల్లో ఎష్బయలు ఇష్బోషెతుగా, మెరీబ్బయలు మెఫీబోషెతుగా మారారు. 'బోషెత్' అంటే సిగ్గు. దినవృత్తాంతముల గ్రంథంలో మాత్రం పాత పేర్లు అలాగే మిగిలాయి. ఈ మార్పు మొదలైంది ఏలీయా తరంలోనే అనలేం గానీ, బఅల్ అంటే యాహ్వే కానివాడు అని గీత గీసిన పోరాటంలో అతడి పేరే ముందుంటుంది. నూరేళ్ల తర్వాత హోషేయ ప్రవక్త బఅల్ అన్న పిలుపే దేవుడికి పనికిరాదన్నాడు.

ఆ గీత జనంలో ఎంతవరకు పడిందో చూడడానికి గ్రంథం బయటి ఆధారాలున్నాయి. 1910లో హార్వర్డు విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ రైస్నర్ షోమ్రోనులో తవ్వినప్పుడు రాతలున్న కుండపెంకులు దొరికాయి. క్రీ.పూ. 8వ శతాబ్దపు ఈ పెంకులు సరుకు పద్దులు: ఏ ఊరి నుంచి, ఎవరి పేర పాత ద్రాక్షసారా వచ్చిందో, శుద్ధి చేసిన నూనె వచ్చిందో రాసుకున్నవి. దేవుళ్ల గొడవ లేని రాత కాబట్టే దానికి విలువ. వాటిలో గద్దియౌ, షెమర్యౌ వంటి యాహ్వే పేర్లున్నాయి. అబిబఅల్, మెరిబఅల్ వంటి బఅల్ పేర్లూ ఉన్నాయి. యాహ్వే పేర్లదే పైచేయి, అయినా బఅల్ పేర్లు తక్కువేమీ కావు. ఎగెల్యౌ అని ఒకడున్నాడు. 'యాహ్వే దూడ' అని అర్థం చెప్పవచ్చు. ఉత్తరరాజ్యం బంగారు దూడలను ప్రతిష్ఠించిందన్న బైబిలు నింద గుర్తున్నవారికి ఈ పేరు ఆసక్తికరం.

ఈ పెంకుల మీద ఇంకో సంగతి కనిపిస్తుంది. ఉత్తరాన దేవుడి పేరు చివరన 'యౌ' అని రాశారు. యూదాలో 'యాహూ' అని. సినాయి ఎడారి అంచున కుంతిల్లత్ అజ్రూద్ అనే మజిలీలో 1975–76లో దొరికిన రాతల్లోనూ ఉత్తరాది 'యౌ' రూపమే ఉంది. ఏలీయా యొర్దానుకు తూర్పున ఉత్తరరాజ్యంలో పుట్టినవాడు. కాబట్టి అతణ్ణి ఎరిగినవారి నోట ఆ పేరు ఎలియౌ అని పలికి ఉండవచ్చు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అస్సీరియా షోమ్రోనును పట్టుకున్నాక ఉత్తరాది కథలు దక్షిణానికి చేరి, యూదా లేఖకుల చేతుల్లో తుదిరూపం దిద్దుకున్నాయి. వారు తమ పద్ధతిలో రాసినదే ఎలియాహూ.

యూదాలో లెక్క వేరు. 1935లో లాకీషు శిథిలాల్లో జె. ఎల్. స్టార్కీకి దొరికిన ఉత్తరాలు బబులోను సేన ముంచుకొస్తున్న కాలం నాటివి, క్రీ.పూ. 588 ప్రాంతం. హోషయాహూ, తోబియాహూ, కొన్యాహూ అంటూ ఎటు చూసినా యాహూలే. నెగెబు ఎడారిలోని అరాదు కోట పెంకుల మీదా అంతే. బఅల్ పేరున్న మనిషి వీటిలో కనబడడు. జెఫ్రీ టిగే 1986లో హీబ్రూ శాసనాల్లోని పేర్లను ఏరి, యాహ్వే పేర్లతో పోలిస్తే అన్యదేవతల పేర్లు అతి తక్కువని చూపించాడు. పేరును బట్టి పూజను తేల్చగలమా అన్న అభ్యంతరం న్యాయమైనదే. తాత పేరు పెట్టుకున్నవాడు తాత దేవుణ్ణే కొలవాలని లేదు. కానీ గద్దె మీదివారి సంగతికీ గ్రంథకర్తల ఫిర్యాదులకూ పక్కన, మామూలు కుటుంబాలు పిల్లలకు ఏమని పేరుపెట్టుకున్నాయో చెప్పే ఆధారం ఇంతకన్నా లేదు.

చెర తర్వాత 'యాహూ' మరింత కుదించుకుపోయి 'యా' అయింది. ఎజ్రా గ్రంథంలో పరాయి స్త్రీలను పెళ్లాడినవారి జాబితా ఉంది. అందులో ఎలియా అనేవారు ఇద్దరు. ఆ పేరు పెట్టుకుని వాళ్లే జాబితాకెక్కడం చరిత్ర చేసిన చిన్న పరిహాసం. మలాకీ గ్రంథం చివరన, యాహ్వే తీర్పు తీర్చే మహాదినానికి ముందు ఏలీయా తిరిగి వస్తాడన్న వాగ్దానంలో ఉన్నదీ ఈ పొట్టి రూపమే. అగ్నిరథం మీద ఆకాశానికి ఎక్కిపోయాడని సంప్రదాయం కాబట్టి అతడికి చావు లేదు; చావులేనివాడు ఎప్పుడైనా రావచ్చు. యూదుల ఇళ్లలో పస్కా రాత్రి అతడి కోసం ఒక గిన్నెలో ద్రాక్షరసం పోసి ఉంచడం, సున్నతి వేళ ఒక కుర్చీ కేటాయించడం ఈ నమ్మకం నుంచి వచ్చిన ఆచారాలు.

హీబ్రూ దాటాక పేరు అర్థాన్ని వదిలి ధ్వనితో బతికింది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఎలియూ అనీ, కొత్త నిబంధనలో ఎలియాస్ అనీ మారింది. మత్తయి సువార్తలో సిలువ మీద యేసు 'ఏలీ' అని దేవుణ్ణి పిలిస్తే, పక్కన నిలిచినవారు కొందరు ఏలీయాను పిలుస్తున్నాడనుకున్నారు. పేరులో సగం దేవుణ్ణి పిలిచే మాట కావడం వల్ల వచ్చిన పొరపాటు అది. గ్రీకు చెవికి ఇంకో పోలిక తట్టింది: సూర్యుడు వారికి హేలియోస్. ఆకాశంలోకి అగ్నిరథం మీద ఎక్కిపోయినవాడికి ఆ పోలిక అతికినట్టుంది. 5వ శతాబ్దపు లాటిను కవి సెదూలియస్ ఈ పేర్ల సామ్యాన్ని ఎత్తిచూపాడు. గ్రీసులో కొండ శిఖరాల మీద ప్రొఫితిస్ ఇలియాస్ పేరిట చిన్న చర్చిలు అడుగడుగునా ఉన్నాయి. అవన్నీ సూర్యుడి గుళ్లున్న చోట్లేనన్న సిద్ధాంతం ఒకటి ప్రచారంలో ఉన్నా, ఏలీయా కథల్లోనే కర్మెలు, హోరేబు వంటి కొండలుండగా దానికోసం సూర్యుడి దాకా వెళ్లనక్కర్లేదు.

స్లావు జాతుల మధ్య జరిగింది మరీ విడ్డూరం. 945 నాటి బైజాంటైన్ సంధి గురించి రష్యా ఆదిచరిత్ర చెప్పేదేమిటంటే, కీవులో క్రైస్తవులైన రుస్ యోధులు సెయింట్ ఇల్యా చర్చిలో ప్రమాణం చేశారు; ఇగోరు రాజూ మిగతావారూ ఉరుముల దేవుడు పెరూన్ విగ్రహం ముందు చేశారు. పెరూన్ కొలువు పోయాక ఉరుముల బాధ్యత ఇల్యాకే వచ్చింది. ఉరిమితే ఇల్యా రథం నడుస్తున్నదని రైతులన్నారు. సెర్బులు అతణ్ణి ఉరుముల ఇలియా అనే పిలుస్తారు. కాకసస్‌లో ఒసెత్తుల ఉరుముల దేవుడు ఉవాత్సిల్లా పేరులో దాగినదీ ఇతడే. వాన దేవుడు బఅల్‌కు ఎదురుతిరిగిన పేరు, బఅల్ ఉద్యోగంలోనే కుదురుకుంది.

అరబ్బీలో పేరు ఇల్యాస్ అయింది. ఖురాను 37వ అధ్యాయంలో ఇల్యాస్ తన జనాన్ని బఅల్‌ను పిలవడం గురించి నిలదీస్తాడు; పేరుకూ దాని పాత ప్రత్యర్థికీ సంబంధం అక్కడ తెగిపోలేదు. పశ్చిమాన లాటిను ఎలియాస్ నుంచి ఫ్రెంచి ఎలీ, దాని నుంచి ఇంగ్లండులో ఎలిస్, ఎలియట్ వంటి ఇంటిపేర్లు పుట్టాయి. 1611 నాటి ఇంగ్లిషు బైబిలులో పాత నిబంధనలో ఎలైజా, కొత్త నిబంధనలో ఎలియాస్ అని ఒకే మనిషికి రెండు పేర్లు పడ్డాయి. ఒకటి హీబ్రూ నుంచి, ఒకటి గ్రీకు నుంచి తీసుకున్నందువల్ల ఇలా జరిగింది.

భారతదేశంలో ఈ ప్రవక్తకు అందరికన్నా దగ్గరివారు కొంకణ తీరపు బెనె ఇస్రాయెల్ యూదులు. అలీబాగు దగ్గరి ఖండాలా గ్రామం నుంచే ఎలియాహూ హన్నబీ ఆకాశానికి వెళ్లాడని వారి నమ్మకం. అక్కడి రాతి మీద గుర్తులను చూపిస్తారు. మొక్కు తీరినప్పుడు, శుభకార్యాల్లో అటుకులు, కొబ్బరి, చక్కెర, పళ్లు కలిపిన మలిదా పళ్లెం పెట్టి అతడి పేరు తలుస్తారు. ముంబయి కోట ప్రాంతంలో 1884లో వెలసిన కెనెసెత్ ఎలియాహూ ప్రార్థనామందిరం మాత్రం బాగ్దాదీ యూదులది. ఎలియాస్ డేవిడ్ ససూన్ జ్ఞాపకార్థం అతని కొడుకు జాకబ్ ససూన్ కట్టించాడు.

తెలుగునాట ఈ పేరు రెండు దారుల్లో వచ్చింది. ముస్లిముల ఇళ్లకు అరబ్బీ, ఫారసీల మీదుగా ఇలియాస్‌గా. క్రైస్తవుల ఇళ్లకు బైబిలు అనువాదం ద్వారా ఏలీయాగా. ఇంగ్లిషు బైబిలులోలా కాక తెలుగులో పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ ఒక్కటే రూపం. చివరి 'యా' చెర తర్వాతి పొట్టి హీబ్రూ రూపానికి దగ్గర. మొదటి 'ఏ' దీర్ఘం హీబ్రూ అచ్చులోనూ గ్రీకు రూపంలోనూ ఉన్నదే.